బిడ్డ మాంసం మానేసింది, నేను పప్పుచారులో బొక్కల రసం కలిపాను

ప్రశ్న: మాది జనగామ దగ్గరి పల్లె. ఉప్పల్‌లో స్థిరపడి పన్నెండేళ్లయింది. ఇంట్లో నేను, మావారు, అత్తమ్మ, పదిహేనేళ్ల పాప ఉంటాం. పాప ఈ ఏడాది పదో తరగతికి వచ్చింది. మార్చిలో ఒక ఆదివారం వాళ్ల నాన్నతో కలిసి చికెన్ షాపుకు వెళ్లి వచ్చింది, ఆ రోజు నుంచి కోడి, మేక, చేప ఏదీ ముట్టడం లేదు. పాలు, పెరుగు తీసుకుంటుంది, గుడ్డు సంగతి ఏమీ చెప్పలేదు. మేము మాంసం వండేది ఆదివారాలే. అత్తమ్మ నల్లిబొక్క ఎప్పుడూ మనవరాలికే తీసిపెట్టేది. మృగశిర నాడు రాంనగర్ నుంచి కొర్రమీను తెప్పించి పులుసు పెడితే పాప గదిలోంచి రాలేదు, అత్తమ్మ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మే నెలలో పరీక్ష చేయిస్తే పాపకు హిమోగ్లోబిన్ 9.8 ఉంది. సాయంత్రం బేకరీ పఫ్, అన్నం తిన్న వెంటనే టీ, ఇదీ దాని తిండి. మావారు కంగారుపడి, చెప్పకుండా కలిపెయ్యమంటే, మూడుసార్లు బొక్కల రసం వడగట్టి పప్పుచారులో కలిపాను. "ఈరోజు చారు బాగుందమ్మా" అని రెండోసారి పోయించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పని మాట ఇంకొకటి ఉంది. మాంసం కడిగేటప్పుడు నాకూ చిన్నప్పటి నుంచి మనసు ఒప్పదు. బోనాలు వస్తున్నాయి, మా ఇంట్లో యాటను కోస్తారు. పాపను ఒప్పించాలా, వదిలేయాలా, నేను కూడా మానేయాలా, ఏమీ తోచడం లేదు.

సమాధానం: మీరు అడిగినవాటిలో ముందుగా పప్పుచారు సంగతి తీసుకుంటాను. ఉత్తరం నడుమ రెండు మాటల్లో చెప్పి దాటేశారు గాని, నిద్ర పట్టలేదన్న వాక్యం చదివాక మీ చేత ఈ ఉత్తరం రాయించింది అదేనని నాకు అనిపించింది. పాపకు చెప్పండి. ఈ వారంలోనే, మీరిద్దరే ఉన్న వేళ చూసుకుని, భర్త మీదికి నెట్టకుండా, "నీ ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్న భయంతో మూడుసార్లు బొక్కల రసం కలిపాను, అది తప్పు, ఇక ఎన్నడూ కలపను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పాపకు కోపం వస్తుంది. ఏడవవచ్చు, నాలుగు రోజులు మీరు వండినది ముట్టకుండా పెరుగన్నం తానే కలుపుకోవచ్చు, ప్రతి గిన్నె మూత తీసి వాసన చూడవచ్చు. ఆ నాలుగు రోజులూ ఓర్చుకోవలసిందే. చెప్పకుండా ఊరుకుంటే ఏదో ఒకనాడు చుట్టాల మధ్య నవ్వులాటగానో, మీ ఇంట్లోనే మాటా మాటా పెరిగినప్పుడో ఈ సంగతి బయటపడుతుంది, అప్పటి కోపం నాలుగు రోజులతో పోదు.

ఎంత మాంసప్రియుల ఇల్లయినా, శాకాహారి అయిన స్నేహితుడు భోజనానికి వస్తున్నాడంటే గిన్నెలు మరొకసారి తోమి, గంటె వేరుగా పెట్టి, "మీకు విడిగా వండామండీ" అని చెప్పి మరీ వడ్డించడం మనకు అలవాటు. పరాయివాడికి అడగకుండానే దక్కే ఆ మర్యాదను కన్నబిడ్డకు ఇవ్వకపోవడానికి, వయసు చిన్నదనే కారణం నాకు చాలినదిగా కనిపించడం లేదు. పైగా ఆ రసంతో పాపకు ఒరిగింది కూడా ఏమీ లేదు. బొక్కలు ఉడికిన నీళ్లలోకి కొంత జిలాటిన్, కొంత కొవ్వు, రుచి దిగుతాయే తప్ప రక్తహీనతను సరిచేసేంత ఐరన్ దిగదు. గాంధీ రాజ్‌కోట్‌లో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడి మాట విని ఇంట్లో తెలియకుండా మాంసం తిన్నారు, తినివచ్చిన రోజున ఆకలి లేదని తల్లితో అబద్ధమాడవలసి రావడం భరించలేక మానుకున్నారు. తర్వాత 1888లో ఇంగ్లండుకు బయలుదేరే ముందు తల్లికి మాట ఇచ్చారు, లండన్‌లో చదివి, ఆలోచించి, అక్కడ తన ఇష్టంతో శాకాహారి అయ్యారు. ఆయనకు ముందు బరువనిపించింది మాంసం కంటే అబద్ధమే. ఆ బరువు ఇప్పుడు మీ మీద ఉంది, దించుకోండి.

ఇక పాప చూసినదేమిటో ఒకసారి మీరూ తలచుకోండి. షాపు ముందు పలక మీద లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు ధరలు రాసి ఉంటాయి. జాలీ పెట్టెలో కోళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. షాపతను చెయ్యి లోపలికి పెట్టి, అందిన కోడిని రెక్కలు కలిపి పట్టుకుని, తూకం వేసి, మెడ మీద కత్తి ఆడించి నీలం డ్రమ్ములో పడేస్తాడు. డ్రమ్ము లోపలి నుంచి కొంతసేపు దబదబమని చప్పుడు వస్తుంది, క్రమంగా తగ్గుతుంది, ఆగిపోతుంది. ఆ కొంతసేపట్లో మనలాంటి పెద్దవాళ్లం ఫోను చూసుకుంటాం, పక్కవాడితో మాట్లాడతాం, లేదంటే రోడ్డు వైపు తిరుగుతాం. ఆ తర్వాత చేతికి వచ్చే నల్ల కవరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. మీ పాప రోడ్డు వైపు తిరగలేదు. అంతే జరిగింది. దీన్ని బలహీనత అనడానికి గాని, వయసు తెచ్చిన మొండితనం అనడానికి గాని నాకు నోరు రాదు. కళ్లారా చూసినదాని మీద ఒక మనిషి తీసుకున్న నిర్ణయం అది. రేపు ఇరవై ఏళ్లకు మనసు మార్చుకుని మళ్లీ తిన్నా తప్పు లేదు, ఎనభై ఏళ్ల దాకా తినకపోయినా తప్పు లేదు. "జీవితాంతం ఇలాగే ఉంటావా" అని ఇప్పుడే ఒట్టు వేయించుకోవలసిన పని లేదు, "రెండు నెలల ముచ్చట, అదే మర్చిపోతుంది" అని ఆమె వినేలా అనవలసిన పని అంతకన్నా లేదు.

కాబట్టి ఒప్పించాలా అన్న ప్రశ్నకు నా జవాబు, వద్దు. అయితే వదిలేయాలా అన్నదానికి కూడా నేను అవునని చెప్పను. పదిహేనేళ్ల పిల్ల తిండి మార్చుకుంటే ఆ మార్పు తన శరీరానికి సరిపోయేలా చూడవలసింది పెద్దలే. ఇక్కడ మీవారి భయంలో న్యాయం ఉంది. ఆ భయానికి ఆయన చూపిన మందు తప్పు, అంతవరకే.

హిమోగ్లోబిన్ సంగతి చూద్దాం. పాప వయసు ఆడపిల్లకు 12 ఉండాలి, 8 నుంచి 11 లోపు ఉంటే మధ్యస్థ రక్తహీనతగా లెక్కిస్తారు. 9.8 అంటే నిర్లక్ష్యం చేయదగిన అంకె కాదు. కాని ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, పాప మాంసం మానేసింది మార్చిలో, పరీక్ష జరిగింది మేలో. వారానికొక ఆదివారం కూర రెండు నెలలు తప్పినంత మాత్రాన రక్తం ఇంతగా పడిపోదు. పాప మాంసం తింటున్న రోజుల్లోనే ఇది మొదలై ఉంటుంది, పరీక్ష చేయించలేదు కనుక తెలియలేదు. మన రాష్ట్రాన్నే చూడండి. 2014 నాటి ప్రభుత్వ నమూనా సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇదే రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. దాదాపు అందరూ మాంసం తినే చోట సగం మంది ఆడవాళ్లకు రక్తం చాలడం లేదంటే, ఆదివారం కూర మన ఆడపిల్లలను కాపాడుతోందని నమ్మడానికి వీలు లేదు.

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఈ సంస్థ, ఏ వయసువారికి ఏ పోషకం ఎంత కావాలో లెక్క కట్టి ప్రకటిస్తుంది. 2020 నాటి ఆ లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు 43 గ్రాముల ప్రొటీన్, 30 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ప్రొటీన్ వారానికి 300 గ్రాములన్నమాట. ఆదివారం పాప కంచంలో పడే ముక్కలు వంద గ్రాములనుకుంటే, వాటిలో ఉండేది 20 నుంచి 25 గ్రాములు. మిగిలిన 275 గ్రాములూ ఇన్నాళ్లు అన్నం నుంచి, పప్పు నుంచి, పాల నుంచి వచ్చి ఉండాలి, లేదా రాకుండా పోయి ఉండాలి. ఐరన్ విషయంలో మాంసానికి ఒక మేలు ఉంది, అందులోని ఐరన్‌ను శరీరం తేలికగా గ్రహిస్తుంది. కాని కోడిమాంసంలో ఉన్నదే వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము దరిదాపు. కాలేయంలో ఎక్కువ, మేకమాంసంలో మధ్యరకం. పాప ఆ ఒక్క పూట కూర మానేయడం వల్ల పోయింది తక్కువ, మిగతా ఆరు రోజుల తిండిలో ముందు నుంచే లేనిది ఎక్కువ.

అందుచేత మొదటి పని వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లడం. హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, బి12 విటమిన్ కూడా చూడమని అడగండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందా, నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేశారు అన్నవి వాళ్లు అడుగుతారు, అడగకపోతే మీరే చెప్పండి. ఈ స్థాయిలో ఉన్న రక్తహీనతను తిండితోనే సరిచేద్దామని కూర్చోకూడదు, వారు రాసిన ఐరన్ మాత్రలు వాడాలి. మలం నల్లగా వస్తుంది, కొందరికి వికారంగా ఉంటుంది, దానికి భయపడి మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ. అంకె బాగుపడిన తర్వాత కూడా శరీరంలో నిల్వ నిండేదాకా, వైద్యులు ఆపమనేదాకా వేసుకోవాలి. మాత్రను పాలతో గాని, టీతో గాని మింగకూడదు.

బి12 గురించి నా సొంత అనుభవం చెప్పనివ్వండి. నేను ఇరవై మూడో ఏట మాంసం మానేశాను. పాలు నాకు చిన్నప్పటి నుంచి పడేవి కావు, మాంసంతో పాటు గుడ్డు కూడా వదిలేశాను, వాటి బదులు ఏం తినాలో ఎవరినీ అడగలేదు. ఆరేళ్లు హాయిగా గడిచాయి. ఏడో ఏట అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. నడుస్తుంటే చెప్పు కాలికి ఉందో, జారిపోయిందో తెలిసేది కాదు, వంగి చూసుకునేదాన్ని. ఒకసారి బస్సు దిగి చాలా దూరం నడిచాక చూస్తే ఒక కాలికి చెప్పు లేదు. మొదట చూసిన వైద్యుడు నడుము సమస్య అని మందులు ఇచ్చారు, ఏడాది తర్వాత మరొకరు రక్తంలో బి12 పరీక్ష చేయిస్తే లోటు బయటపడింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక అరికాలికి నేల చల్లదనం మళ్లీ తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. కాలేయంలో ఈ విటమిన్ నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కనుక లోటు ఆలస్యంగా, అదీ మెల్లగా బయటపడుతుంది. మొక్కల ఆహారంలో నమ్మదగినంత బి12 లేదు. ఇడ్లీ పిండి పులిసింది కదా అని గాని, ఆకుకూర ఎక్కువ తింటున్నాం కదా అని గాని ధీమా పడకూడదు. 2020 లెక్కల్లో పెద్దవాళ్లకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలన్నారు. రెండు గ్లాసుల పాలు లేదా అంత పెరుగు, ఒక గుడ్డు కలిస్తే దాని దగ్గరికి వస్తుంది. మీ పాప పాలు తాగుతోంది కనుక సగం దిగులు తీరినట్టే. గుడ్డు తింటుందో లేదో తననే అడగండి, వద్దంటే బలవంతపెట్టకండి. ముందు ముందు పాలు కూడా మానేస్తానంటే మాత్రం బి12 మాత్ర తప్పనిసరి అని ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. మాంసం మానేసిన పిల్లలు దెబ్బతినేది శాకాహారం వల్ల కంటే మాంసం ఖాళీ చేసిన చోట పఫ్, నూడుల్స్, ఆలుగడ్డ వేపుడు వచ్చి కూర్చోవడం వల్ల. పప్పుచారు పేరులో పప్పు ఉంది గాని కంచంలోకి వచ్చేసరికి నీళ్లే ఎక్కువ. రోజుకొక పూట గట్టి పప్పు వండండి. పాప వాటాకు 30 గ్రాముల కందిపప్పు, అంటే ఒక చిన్న గుప్పెడు, పడాలి. దానిలో ఆరేడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. సాయంత్రం బడి నుంచి రాగానే పఫ్‌కు బదులు గుడాలు పెట్టండి. శనగలు, బొబ్బర్లు, పెసలు రోజుకొకటి నానబెట్టి, వీలైతే మొలకెత్తించి, ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు వేసి నిమ్మకాయ పిండితే పిల్లలు ఇష్టంగానే తింటారు. అక్కడ మరో ఆరేడు గ్రాములు. గుప్పెడు పల్లీలలో ఇంకో ఏడు. గ్లాసు పాలలో ఏడెనిమిది, కప్పు పెరుగులో నాలుగు. రోజు మొత్తంలో తినే అన్నంలో, రొట్టెలో కలిపి పదిహేను దాకా ఉంటుంది. కూడి చూడండి, గుడ్డు లేకుండానే 43 దాటుతుంది. వారానికి రెండుసార్లు మీల్‌మేకర్ కూర చేస్తే ఇంకా నిశ్చింత. అన్నంలో తక్కువగా ఉన్నది పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది అన్నంలో ఉంటుంది, పప్పన్నం అనే జంట ఊరికే నిలబడలేదు.

ఐరన్ కోసం తోటకూర, బొబ్బర్లు, ఉలవలు, సజ్జ రొట్టె, నువ్వులు తిప్పి తిప్పి పెట్టండి. వీటిలోని ఐరన్ ఒంటికి పట్టాలంటే అదే పూటలో విటమిన్ సి ఉండాలి. పప్పులో నిమ్మరసం, పక్కన టమాటా, భోజనం చివర ఒక జామకాయ చాలు, జామలో విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును ఈ రోజే మాన్పించండి. టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఉండాలి. ఖరీదైన ప్రొటీన్ పొడుల డబ్బాలు మీకు అక్కర లేదు.

మీ అత్తమ్మ గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఈ ఇంట్లో నిజంగా నష్టపోయింది ఆమే. కూర గిన్నెలో గంటె తిప్పి, అడుగున ఉన్న నల్లిబొక్కను వెదికి పట్టి, మనవరాలి కంచంలో వేసి, అది చప్పరిస్తుంటే చూడడం ఆమెకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన ప్రేమ. ఆ బొక్కను ఇప్పుడు ఎవరి కంచంలో వేయాలో ఆమెకు తెలియడం లేదు. కొర్రమీను పులుసు నాడు ఆమె మాట్లాడకపోవడంలో అలక కంటే ఆ వెలితే ఎక్కువ ఉందని నేను అనుకుంటున్నాను. మృగశిర నాడు చేప తింటే వానకాలపు జబ్బులు రావని నమ్మిన తరం ఆమెది, మనవరాలు తినకపోతే ఆమెకు దిగులు కలగడం సహజం. ఆమెను కూర్చోబెట్టి పోషకాల పాఠం చెప్పకండి. ఆమె చిన్ననాట జనగామ పల్లెల్లో వారం వారం మాంసం తిన్నవాళ్లు ఎందరు? దసరాకో, దేవర చేసుకున్నప్పుడో, చుట్టాలు వస్తేనో కోసి పోగులు పెట్టుకునేవారు. మిగతా రోజులన్నీ జొన్న గటక, అనపగింజల కూర, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, గుడాలు, బతుకమ్మ నాటి సత్తుపిండి. మనం పుస్తకాలు చూసి నేర్చుకోవలసిన ఈ తిండి ఆమె చేతివేళ్లలోనే ఉంది. "అత్తమ్మా, దీనికి రక్తం తక్కువుందట, మీరు చిన్నప్పుడు తిన్నవి చేసి పెట్టండి" అని ఆమెకే అప్పగించండి. సాయంత్రం గుడాలు, ఆదివారం పూట నువ్వుల ముద్దలు, ఇవి ఆమె చేతి మీదుగానే పాపకు అందాలి. పాపతో కూడా చెప్పండి, నానమ్మ దగ్గర కూర్చుని సజ్జ రొట్టె కొట్టడం నేర్చుకొమ్మని.

పాపకు ఒక విషయంలో మాత్రం మీరు గట్టిగా చెప్పాలి. తన కంచం తన ఇష్టం, ఇంకొకరి కంచం చూసి ముక్కు మూసుకునే హక్కు తనకు లేదు. నాన్న తింటుంటే "ఛీ" అనడం, నానమ్మ గిన్నెను అంటరానిదానిలా జరపడం కుదరదు. మన నగరంలో అద్దె ఇళ్ల ముందు "శాకాహారులకు మాత్రమే" అన్న బోర్డులు నేను చూస్తూనే ఉన్నాను, ఆ మాట వెనక ఏ కులాల వాళ్లు వద్దని ఉంటుందో ఈ దేశంలో అందరికీ తెలుసు. తరతరాలుగా తినే తిండిని బట్టి మనుషులను శుభ్రమైనవాళ్లు, కానివాళ్లు అని విడదీశారు. కోడి మీద దయతో మొదలైన మంచి పని మనుషుల మీద చిన్నచూపుగా మారకూడదు. పాపకు ఈ మాట అర్థమయ్యే వయసు వచ్చింది, నెమ్మదిగా చెప్పండి. వంటకు గంటె వేరుగా, ఒక మూకుడు వేరుగా పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. పొయ్యి వేరు, పంక్తి వేరు అంటే ఒప్పుకోవద్దు. అందరూ ఒకే చోట కూర్చుని తినాలి.

బోనాల గురించి మీరు పడుతున్నంత బెంగ అవసరం లేదు. బోనం కుండలో ఉండేది అన్నం, పాలు, బెల్లం. పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకునే ఆ కుండలో పాపకు అభ్యంతరమైనది ఏదీ లేదు. తనకు ఇష్టమైతే ఈసారి బోనం ఎత్తుకోమనండి, మీ అత్తమ్మ కళ్లు చెమరుస్తాయి. యాట ఇంటివాళ్ల మొక్కు, దాన్ని ఆపమని పాప అడగకూడదు, ఆ వేళ అక్కడ నిలబడమని మీరూ ఆమెను అడగకూడదు. గుడి నుంచి వచ్చాక చుట్టాల మధ్య "ఏంది, నువ్వు తినవా" అన్న ప్రశ్న పది నోళ్ల నుంచి వస్తుంది, అప్పుడు పాప జవాబు వెతుక్కోకముందే "మా పాప తినదు, దానికి వేరే వండాను" అని మీరు అనండి. తల్లి నోట ఒకసారి ఆ మాట వస్తే తర్వాత ఎవరూ అడగరు.

మీవారిని ఈ పనిలో కలుపుకోండి. వైద్యుల దగ్గరికి ఆయననే తీసుకువెళ్లమనండి. పరీక్ష కాగితం మీద అంకె పెరగడం తన కళ్లతో చూస్తే ఆయన భయం తగ్గుతుంది. ఆదివారం షాపుకు ఇకపై ఆయన ఒక్కరే వెళ్లాలని నేను విడిగా చెప్పనక్కర లేదు.

ఇక మీరు. "నేను కూడా మానేయాలా" అన్నది ఉత్తరం చివర, అందరి సంగతీ అయ్యాక అడిగారు. పాపకు తోడుగా మానేయకండి, పాప మనసు మార్చుకున్న రోజున మీరు ఎటూ కాకుండా పోతారు. మాంసం కడిగేటప్పుడు మనసు ఒప్పకపోవడం మీకు చిన్నప్పటి నుంచి ఉందన్నారు, ఆ కారణం మీ ఒక్కరిది, అది చాలు. ఆరోగ్యం ఇందులో ఏ వైపూ పెద్దగా తూగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజీల వంటి నిల్వ మాంసాలను కేన్సర్ కారకాల్లో చేర్చింది, మేకమాంసం వంటి ఎర్రమాంసాన్ని బహుశా కారకం కావచ్చని అంది. ఆదివారం ఒక పూట ఇంట్లో వండుకునే కూరకు ఇందులో హడలిపోవలసింది లేదు. తింటూనే ఆరోగ్యంగా ఉండవచ్చు, మానేసీ ఉండవచ్చు, రెండింటికీ కొంత శ్రద్ధ కావాలి. ఆషాఢం పోగానే శ్రావణం వస్తుంది, చాలా ఇళ్లలో ఆ నెల ఎలాగూ మాంసం వండరు. ఆ నెలను మీ కోసం వాడుకోండి. నెల గడిచి మొదటి ఆదివారం కూర వాసన వచ్చినప్పుడు మీకు తినాలనిపిస్తే తినండి, అనిపించకపోతే ఆ రోజు ఇంట్లో చెప్పండి. వండిపెట్టడం మీకు కష్టంగా ఉంటే అది కూడా చెప్పండి. ఆదివారం కూర కడిగి వండడం మీవారు నేర్చుకోలేని విద్య కాదు. అన్నట్టు, మీ హిమోగ్లోబిన్ ఎంతో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. పాపతో పాటు మీరూ రక్తం ఇచ్చి రండి.

మూడు నెలల తర్వాత, దసరా దగ్గరికి వచ్చేసరికి, ఇద్దరివీ మళ్లీ పరీక్ష చేయించి ఆ అంకెలు నాకు రాయండి. పప్పుచారు మాట పాపతో చెప్పినప్పుడు తను ఏమన్నదో కూడా రాయండి.